ఆ ఫోన్‌కి లేని ఆకుపచ్చ రంగు: జావాస్క్రిప్ట్‌లో తేలికైన ఇన్హెరిటెన్స్ ఎలా?

కిందటి దసరా సేల్‌కి రెండు రోజుల ముందు మా ఆఫీసుకి ఒక కాల్ వచ్చింది. మేం ఒక మొబైల్ షాపుల చెయిన్‌కి వెబ్‌సైట్ చేసిపెట్టాం. అందులో రెండు మూడు ఫోన్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే పేజీ ఉంది. ఆ పేజీలో ఒక బడ్జెట్ ఫోన్ కింద రంగుల్లో 'ఆకుపచ్చ' అని కనిపించింది. అది చూసి ఒకాయన ఊరి నుంచి బస్సెక్కి షాపుకి వచ్చాడు. కూతురికి ఆ రంగే కావాలట. ఆ మోడల్ ఆకుపచ్చలో అసలు రాదు. "మీ సైట్లోనే ఉంది కదయ్యా" అని తన ఫోన్ తీసి చూపించాడు. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు ఏం చెప్తాడు? నలుగురి ముందు మాట పడ్డాడు. ఆయన ఏ ఫోనూ కొనకుండానే వెళ్లిపోయాడు.

ఆ పేజీ రాసింది నేనే.

ముందు డేటాబేస్ చూశా, సరిగ్గానే ఉంది. సర్వర్ పంపే డేటా చూశా, అదీ కరెక్టే. పేజీలో ఒక్క ఫోన్ పెట్టి చూస్తే రంగులు సరిగ్గానే వస్తున్నాయి. రెండో ఫోన్ కలపగానే దాని రంగులు మొదటి దాంట్లోకి కూడా వచ్చేస్తున్నాయి. మూడోది పెడితే మూడింటి రంగులూ అందరికీ. చివరికి తేలింది ఏంటంటే, తప్పు నేను ఇన్హెరిటెన్స్ రాసిన తీరులో ఉంది.

ఈ సైట్లో మనం రోజూ ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ గురించి చదువుతుంటాం. ఈసారి ఆ వివరాలు చూపించే పేజీల వెనక ఏం జరుగుతుందో చూద్దాం. జావాస్క్రిప్ట్ కాస్త తెలిసుంటే చాలు. కోడ్ ముక్కలు పెట్టకుండా మాటల్లోనే చెప్తా. ఉదాహరణల్లో పేర్లు తెలుగులోనే పెడుతున్నా. జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌కి, ఫంక్షన్‌కి తెలుగు పేరు పెట్టినా నిజంగానే నడుస్తుంది, కీవర్డ్‌లు మాత్రం మార్చలేం.

కాలేజీలో నేర్చుకున్న జావా ఇక్కడ పనిచెయ్యదు

బీటెక్‌లో మనందరం చదివింది ఒకటే పాఠం. జంతువు అని ఒక క్లాస్, దాని కింద కుక్క, పిల్లి. క్లాస్ అంటే ఇంటి ప్లాన్ లాంటిది, ఆబ్జెక్ట్ అంటే ఆ ప్లాన్ ప్రకారం కట్టిన ఇల్లు. జావాకి ఇది సరిపోతుంది. జావాస్క్రిప్ట్‌కి పేరులో జావా ఉంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా.

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాష మొదటి రూపాన్ని 10 రోజుల్లో తయారుచేశాడు. చూడ్డానికి జావాలా ఉండాలన్నది కంపెనీ కోరిక. లోపల మాత్రం ఆయన స్కీమ్ అనే భాష నుంచి ఫంక్షన్లని, సెల్ఫ్ అనే భాష నుంచి ప్రోటోటైప్‌లని తీసుకున్నాడు. అంటే పుట్టినప్పుడు ఈ భాషలో క్లాసులు లేనే లేవు. ఇప్పుడు మనం రాసే 'క్లాస్' పద్ధతి ప్రామాణికంలోకి వచ్చింది 2015లో. అప్పటికి భాషకి 20 ఏళ్లు.

మరి ప్రోటోటైప్ అంటే? ప్లాన్ కాదు, ఇంకో ఆబ్జెక్ట్‌కి వేసిన లింక్. ఒక ఆబ్జెక్ట్‌ని ఏదైనా ప్రాపర్టీ అడిగితే ముందు తన దగ్గర చూసుకుంటుంది. లేకపోతే తన ప్రోటోటైప్‌ని అడుగుతుంది. అక్కడా లేకపోతే దాని ప్రోటోటైప్‌ని. చివరిదాకా వెళ్లినా దొరక్కపోతే 'అన్‌డిఫైన్డ్' వస్తుంది.

కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి ఆవకాయ పెడుతోంది అనుకోండి. కారం, ఆవపిండి, ఉప్పు కొలతలు పుస్తకంలో రాసుకోలేదు. ప్రతిసారీ అమ్మకి ఫోన్ చేసి అడుగుతుంది. అమ్మకి తెలియకపోతే అమ్మ అమ్మమ్మని అడుగుతుంది. ఇదే ప్రోటోటైప్ చెయిన్. కొలతలు ఎవరి దగ్గరకీ కాపీ అవ్వలేదు, అడిగే దారి మాత్రమే ఉంది. రేపు అమ్మ కొలత మార్చుకుంటే ఆ రోజు నుంచి కూతుళ్లందరి ఆవకాయా మారిపోతుంది.

కొలత అడగడం వేరు, జాడీలో చెయ్యి పెట్టడం వేరు

ఇప్పుడు నా బగ్ దగ్గరకొద్దాం. మా ప్రాజెక్టు పాతది, కోడ్ అంతా పాత పద్ధతిలో ఉంది. 'ఫోన్' అనే కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్ ఒకటి. అది నడిచినప్పుడు కొత్త ఆబ్జెక్ట్‌లో 'రంగులు' అనే ఖాళీ అర్రే పెడుతుంది. దాని కింద 'బడ్జెట్‌ఫోన్' అనే ఇంకో కన్‌స్ట్రక్టర్ నేను రాశా. రెండింటికీ లింక్ వెయ్యడానికి పాత ట్యుటోరియల్స్‌లో ఉన్నట్టే చేశా: బడ్జెట్‌ఫోన్ ప్రోటోటైప్‌గా ఒక కొత్త ఫోన్ ఆబ్జెక్ట్‌ని తయారుచేసి పెట్టా.

ఇక్కడే ఉంది చిక్కు. లింక్ కోసం ఫోన్ కన్‌స్ట్రక్టర్ ఒకసారి నడిచింది. నడిచి, ఒక ఖాళీ రంగుల అర్రేని ఆ ప్రోటోటైప్ మీద పెట్టేసింది. బడ్జెట్‌ఫోన్ కన్‌స్ట్రక్టర్ లోపల 'కాల్' మెథడ్‌తో తల్లి కన్‌స్ట్రక్టర్‌ని మళ్లీ పిలవాలి, అప్పుడే ప్రతి ఫోన్‌కీ సొంత అర్రే వస్తుంది. ఆ ఒక్క లైను నేను మర్చిపోయా.

తర్వాత ఏమైందంటే, మొదటి బడ్జెట్ ఫోన్ రంగుల్లోకి నలుపు, నీలం 'పుష్' చేశా. దానికి సొంత అర్రే లేదు కాబట్టి ఇంజిన్ పైకి వెళ్లి ప్రోటోటైప్ మీదున్న అర్రేని పట్టుకొచ్చింది. నలుపు, నీలం అందులో పడ్డాయి. రెండో ఫోన్ ఆకుపచ్చది. అదీ అదే అర్రేలో పడింది. అమ్మని కొలత అడిగితే ఎవరికీ నష్టం లేదు. కూతుళ్లందరూ అమ్మ జాడీలోనే చేతులు పెడితే మాత్రం ఎవరు ఏం కలిపారో తెలీదు.

మరి పేరు, ధర ఎందుకు కలిసిపోలేదు? ఎందుకంటే వాటిని పుష్ చెయ్యలేదు, నేరుగా అసైన్ చేశా. చదివేటప్పుడు పైకి వెళ్లి వెతుకుతుంది గానీ, మామూలుగా అసైన్ చేస్తే ఆ విలువ ఆబ్జెక్ట్ మీదే కొత్తగా ఏర్పడుతుంది. ఉన్న అర్రే లోపల మార్చితే మాత్రం, అది ఎక్కడుందో అక్కడే మారుతుంది. ఈ తేడా ఒక్కటి అర్థమైతే ప్రోటోటైప్‌లో సగం బగ్‌లు ముందే కనిపిస్తాయి. నేను టెస్ట్ చేసింది ఒక్క ఫోన్ పెట్టి. ఒక్కటే ఉంటే జాడీ ఎవరిదన్న ప్రశ్నే రాదు కదా.

ఒట్టి లింక్ చాలు: 2006 నుంచి 2009 దాకా

నాకంటే చాలా ముందే ఎంతోమంది ఈ గోతిలో పడ్డారు. లింక్ కోసం తల్లి కన్‌స్ట్రక్టర్‌ని అనవసరంగా నడపకూడదన్నది వాళ్లకి అప్పుడే తెలిసింది. 2006లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ఒక చిన్న ఉపాయాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. లోపల ఏమీ లేని ఫంక్షన్ ఒకటి రాయాలి. దాని ప్రోటోటైప్‌గా మనకి కావాల్సిన ఆబ్జెక్ట్‌ని పెట్టాలి. ఆ ఖాళీ ఫంక్షన్‌తో కొత్త ఆబ్జెక్ట్ చెయ్యాలి. కన్‌స్ట్రక్టర్‌లో ఏమీ లేదు కాబట్టి చెత్త ఏమీ అంటుకోదు, లింక్ మాత్రమే మిగులుతుంది. 2009 డిసెంబర్‌లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఇదే 'ఆబ్జెక్ట్ డాట్ క్రియేట్' పేరుతో భాషలోనే చేరింది.

ఇంకోవైపు లైబ్రరీలు వచ్చాయి. ప్రోటోటైప్ అనే లైబ్రరీలో 'క్లాస్ డాట్ క్రియేట్' ఉండేది. 2008లో జేక్వెరీ సృష్టికర్త జాన్ రెసిగ్ పాతిక లైన్లకి అటూ ఇటూ ఉండే చిన్న కోడ్ రాశాడు. అందులో లింక్ వేసేటప్పుడు ఒక ఫ్లాగ్ ఆన్ చేస్తాడు. ఫ్లాగ్ ఆన్‌లో ఉంటే అసలు సెటప్ పని నడవదు. సరిగ్గా నా బగ్‌కి మందు అది. తల్లి మెథడ్‌ని పిలిచే సౌకర్యం కూడా ఆ కాస్త కోడ్‌లోనే పెట్టాడు. లైబ్రరీ మొత్తం దించుకోనక్కర్లేకుండా ఆ ముక్క ఒక్కటి పేస్ట్ చేసుకుంటే సరిపోయేది.

ఇవాళ ఇవేవీ కొత్తగా రాయాల్సిన పనిలేదు. కానీ పాత ప్రాజెక్టులో చెయ్యి పెట్టాల్సి వస్తే ఇవే ఎదురవుతాయి, అందుకే చెప్పా.

2015 క్లాస్: కొత్త చొక్కా, లోపల పాత మనిషే

2015లో వచ్చిన 'క్లాస్', 'ఎక్స్‌టెండ్స్', 'సూపర్' లోపల వాడేది అవే ప్రోటోటైప్ లింకులు. అలాగని వట్టి అలంకారం అని తీసిపారెయ్యకండి. నా బగ్‌ని ఇది రాసేటప్పుడే పట్టుకునేది. పిల్ల క్లాస్‌లో కన్‌స్ట్రక్టర్ రాసి, 'సూపర్' పిలవకుండా 'దిస్'ని ముట్టుకుంటే వెంటనే ఎర్రర్ వస్తుంది. కన్‌స్ట్రక్టర్ అసలు రాయకపోతే తల్లిది దానంతట అదే నడుస్తుంది. 2022 ప్రామాణికంలో చేరిన క్లాస్ ఫీల్డ్‌లు వాడితే ప్రతి ఆబ్జెక్ట్‌కీ విడిగా అర్రే తయారవుతుంది. జాడీ ఎవరిది వాళ్లకే.

కాబట్టి ఒక మెట్టు ఇన్హెరిటెన్స్ నిజంగా అవసరమైతే, ఈ రోజుల్లో అన్నిటికన్నా తేలికైన దారి భాషలో ఉన్న క్లాసే. దాని కోసం ఏ లైబ్రరీ అక్కర్లేదు.

గాడ్జెట్లే చెట్టుని విరగ్గొడతాయి

అసలు సమస్య మెట్లు పెరిగినప్పుడు వస్తుంది. మా ప్రాజెక్టులో పైన 'పరికరం', దాని కింద 'ఫోన్', 'ట్యాబ్లెట్', 'వాచ్'. ఫోన్ కింద బడ్జెట్‌ఫోన్, గేమింగ్‌ఫోన్, పెన్‌ఫోన్. బోర్డు మీద గీసుకున్నప్పుడు చాలా ముచ్చటగా ఉంది.

ఈ సైట్ చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, గాడ్జెట్లు మనం గీసిన గీతల్లో ఉండవు. 2011లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 5.3 అంగుళాల స్క్రీన్‌తో, పెన్‌తో వస్తే ఫోనా ట్యాబ్లెట్టా అని జనం కొట్టుకున్నారు. చివరికి ఫ్యాబ్లెట్ అని కొత్త మాటే వాడుకలోకొచ్చింది. 2019లో గెలాక్సీ ఫోల్డ్ మూస్తే 4.6 అంగుళాల ఫోన్, తెరిస్తే 7.3 అంగుళాల ట్యాబ్లెట్. 2021లో ఫోల్డ్ 3కి పెన్ సపోర్ట్ కూడా ఇచ్చారు. ఇప్పుడు ఇది ఫోన్ కిందకి వస్తుందా, ట్యాబ్లెట్ కిందకా, పెన్‌ఫోన్ కిందకా? ఈ-సిమ్ ఉన్న వాచ్ నుంచి కాల్ చెయ్యొచ్చు, మరి అది ఫోనా?

జావాస్క్రిప్ట్‌లో ఒక ఆబ్జెక్ట్‌కి నేరుగా ఒక్క ప్రోటోటైపే ఉంటుంది. ఇద్దరు తల్లులు కుదరదు. అప్పుడు మనలాంటివాళ్లం చేసేది ఒకటే, పిల్లకి కావాల్సింది తల్లిలోకి ఎక్కించెయ్యడం. మడతపెట్టే స్క్రీన్ మెథడ్ 'పరికరం'లోకి వెళ్లింది. పెన్ మెథడ్ కూడా అక్కడికే. కొన్నాళ్లకి మా పరికరం క్లాస్‌లో అన్నీ ఉన్నాయి. వాచ్‌కి కూడా మడత విప్పే మెథడ్ ఉంది! పైన ఒక్క లైను మార్చాలంటే కింద ఏది విరుగుతుందో అని భయం.

మిక్సిన్: కావాల్సింది మాత్రమే కలుపుకోవడం

దీనికి ఒక విరుగుడు మిక్సిన్. 'పెన్ రాత' అనే చిన్న ఆబ్జెక్ట్‌లో పెన్‌కి సంబంధించిన మెథడ్‌లు, 'మడత' అనే దాంట్లో స్క్రీన్ మడతవి పెడతాం. ఏ గాడ్జెట్‌కి ఏది కావాలో అది 'ఆబ్జెక్ట్ డాట్ అసైన్'తో కలిపేస్తాం. చెట్టు అక్కర్లేదు. ఇంకొంచెం శుభ్రంగా కావాలంటే, ఒక క్లాస్‌ని తీసుకుని దాన్ని ఎక్స్‌టెండ్ చేసిన కొత్త క్లాస్‌ని తిరిగి ఇచ్చే ఫంక్షన్ రాయొచ్చు. అందులో సూపర్ కూడా పనిచేస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఆబ్జెక్ట్ డాట్ అసైన్ పైపైనే కాపీ చేస్తుంది. మిక్సిన్‌లో అర్రే పెట్టారంటే మళ్లీ అదే ఉమ్మడి జాడీ, అదే ఆకుపచ్చ రంగు. అందుకే మిక్సిన్‌లో మెథడ్‌లు మాత్రమే పెట్టండి, డేటా వద్దు. రెండోది, రెండు మిక్సిన్లలో ఒకే పేరున్న మెథడ్ ఉంటే చివర కలిపినదే మిగులుతుంది, ఎర్రర్ కూడా రాదు. రియాక్ట్ టీమ్ మొదట్లో మిక్సిన్లకి చోటిచ్చి, ఇలాంటి చిక్కుల వల్లే 2016లో వాటిని వాడొద్దని చెప్పింది. 2019 ఫిబ్రవరిలో 16.8 వెర్షన్‌తో హుక్స్ వచ్చాక చాలామంది కాంపొనెంట్లకి క్లాసులే మానేసి ఫంక్షన్లకి మారారు.

'అది ఏంటి' కాదు, 'దాని దగ్గర ఏముంది'

1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం నుంచీ పెద్దవాళ్లు చెప్తున్న సలహా ఒకటుంది: ఇన్హెరిటెన్స్ కన్నా కంపోజిషన్‌కి మొగ్గు చూపమని. కాలేజీలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశా. ఫోల్డ్ ఫోన్‌ని ఎక్కడ పెట్టాలో తెలియక తలపట్టుకున్న రోజు అది అర్థమైంది.

ఈ ఫోన్ ఏ జాతిది అని అడగడం మానేసి, దీని దగ్గర ఏమేం ఉన్నాయి అని అడిగితే చాలు. ఒక స్క్రీన్ ఉంది, లేదా రెండున్నాయి. పెన్ ఉంది, లేదా లేదు. రంగుల జాబితా ఉంది. అంటే ఒక మామూలు ఆబ్జెక్ట్. సర్వర్ నుంచి వచ్చిన డేటా ఎలాగూ ఆ రూపంలోనే ఉంది. దాన్ని తీసుకుని పనిచేసే చిన్న చిన్న ఫంక్షన్లు విడిగా: ధర రాసేది ఒకటి, స్క్రీన్ వివరం చూపించేది ఒకటి, పెన్ ఉంటే ఆ వరస చూపించేది ఒకటి.

ఆబ్జెక్ట్‌కే మెథడ్‌లు కావాలంటే ఫ్యాక్టరీ ఫంక్షన్ ఉంది. పిలిస్తే కొత్త ఆబ్జెక్ట్ తయారుచేసి చేతికిస్తుంది. 'న్యూ' లేదు, 'దిస్' గొడవ లేదు. ఒక్క విషయం మాత్రం చూసుకోవాలి. మెథడ్‌లు ఫ్యాక్టరీ లోపలే రాస్తే ప్రతి ఆబ్జెక్ట్‌కీ కొత్త ఫంక్షన్లు పుడతాయి. నలభై ఫోన్లకి ఇది లెక్కలోకి రాదు. గేమ్‌లో వేలకొద్దీ ఆబ్జెక్ట్‌లు పుట్టి పోతుంటే మెమరీ పెరుగుతుంది, అక్కడ ప్రోటోటైప్ లేదా క్లాసే మేలు.

చవక ఫోన్ మీద అసలు బరువు ఎక్కడ?

ప్రోటోటైప్ చెయిన్ పొడుగైతే పేజీ స్లో అవుతుందని కొందరంటారు. క్రోమ్‌లో ఉండే వీ8 లాంటి ఇంజిన్లు ఏ ప్రాపర్టీ ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకుంటాయి, కాబట్టి మామూలు పేజీలో రెండు మూడు మెట్లకి తేడా కనిపించదు. తయారైన ఆబ్జెక్ట్‌కి మధ్యలో ప్రోటోటైప్ మార్చడం మాత్రం నిజంగానే ఖరీదైన పని. 'సెట్ ప్రోటోటైప్ ఆఫ్' జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అసలు బరువు డౌన్‌లోడ్ అయ్యే కోడ్‌లో ఉంటుంది. తక్కువ ర్యామ్, చిన్న ప్రాసెసర్ ఉన్న ఫోన్ ఆ కోడ్‌ని దించుకోవాలి, చదవాలి, నడపాలి. మనం వాడని ఫంక్షన్లని బండ్లర్ ఏరి పక్కన పడేస్తుంది, విడి ఫంక్షన్లయితేనే. క్లాస్ లోపలున్న మెథడ్‌ని ఎవరూ పిలవట్లేదని అది ధైర్యంగా తేల్చుకోలేదు, అందుకే సాధారణంగా ఉంచేస్తుంది. మా పోలిక పేజీకి పరికరం క్లాస్ నుంచి కావాల్సినవి నాలుగు మెథడ్‌లు. వాచ్ మెథడ్‌లతో సహా మొత్తం క్లాస్ ఆ పేజీ వెంట వస్తోంది.

ఇంకోటి, మీ బిల్డ్ సెట్టింగ్ చూసుకోండి. ఇంకా ఐదో ఎడిషన్‌కి మార్చమని ఉంటే, ప్రతి క్లాస్ పాత ఫంక్షన్ రూపంలోకి మారి, తోడుగా సాయం చేసే కోడ్ కూడా చేరుతుంది. ఎర్రర్ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేస్తే టైప్‌స్క్రిప్ట్‌లో ఆ సెట్టింగ్‌తో 'ఇన్‌స్టాన్స్ ఆఫ్' తప్పు జవాబిస్తుంది కూడా. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంది కాబట్టి పాత ఫోన్లలో కూడా క్లాసులు అర్థమయ్యే బ్రౌజరే ఎక్కువగా ఉంటుంది. ముందు మీ వాడకందార్ల బ్రౌజర్లేంటో చూసి ఆ సెట్టింగ్ మార్చండి.

చివరికి నేనేం చేశా

ఆ రాత్రి మర్చిపోయిన ఒక్క లైను కలిపి బగ్ మూసేశా. పండగ అయ్యాక పోలిక పేజీ తిరగరాశా. ఫోన్, ట్యాబ్లెట్, వాచ్ అన్నీ ఇప్పుడు మామూలు ఆబ్జెక్ట్‌లు, వాటి మీద పనిచేసే విడి ఫంక్షన్లు. పరికరం క్లాస్ ఆ పేజీలో లేదు. ఇన్హెరిటెన్స్ ఒక్క చోటే మిగిలింది: మా సొంత ఎర్రర్ రకం, భాషలో ఉన్న ఎర్రర్ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేస్తుంది. అది నిజంగానే ఒక రకం ఎర్రర్, ఒక్కటే మెట్టు. కస్టమ్ ఎలిమెంట్స్ రాసేటప్పుడు కూడా బ్రౌజర్ క్లాసే అడుగుతుంది, అక్కడ వాదన లేదు.

నేను ఇప్పుడు పాటించే వరస ఇది. ముందు మామూలు ఆబ్జెక్ట్, విడి ఫంక్షన్లు. అది చాలకపోతే ఫ్యాక్టరీ. నాలుగైదు చోట్ల ఒకే సామర్థ్యం కావాలంటే మెథడ్‌లు మాత్రమే ఉన్న మిక్సిన్. నిజంగా ఒక రకమే అయితే, ఒక మెట్టు క్లాస్. రెండో మెట్టు రాయబోతున్నానంటే కాసేపు ఆగి టీ తాగొస్తా.

టెస్టుల్లో కూడా ఒకటి చేర్చా. మూడు ఫోన్లు తయారుచేసి, ఒకదాని రంగుల్లో మాత్రం ఆకుపచ్చ కలిపి, మిగతా రెండింట్లో అది లేదని చూస్తుంది. ఆ టెస్ట్ పేరు తెలుగులోనే 'ఆకుపచ్చ' అని పెట్టా. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఈ పేరేంటి అని అడిగితే, బస్సెక్కి వచ్చి ఉత్త చేతుల్తో వెళ్లిపోయినాయన గురించి చెప్తా.